నాన్నమ్మ కాకి ముద్ద, యూకాన్ ఎలుగుబంట్లు

మా ఇంట్లో పిల్లలతో తెలుగే మాట్లాడతాం అని చాలా ఏళ్ళుగా అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. అది ఎలాంటి తెలుగో మొన్న జూన్‌లో తెలిసొచ్చింది. లే, త్వరగా తిను, బూట్లు వేసుకో, స్కూల్ బస్సొచ్చేస్తోంది, ఇక పడుకో. అన్నీ పురమాయింపులే. వాటికి పిల్లలు "ఓకే అమ్మా" అంటే సరిపోతుంది, అంతకంటే పొడుగు వాక్యం వాళ్ళకు ఎప్పుడు అవసరమైంది కనుక?

కెనడాలోని ఎడ్మంటన్‌లో మోటార్‌హోమ్ (వంటకీ పడకకీ వసతి ఉన్న బండి) అద్దెకు తీసుకుని, డాసన్ క్రీక్‌లో మొదలయ్యే అలాస్కా హైవే మీదుగా కెనడా వాయవ్య మూలనున్న యూకాన్ వెళ్ళాం. మేమిద్దరం, పదకొండేళ్ళ అమ్మాయి, ఏడేళ్ళ అబ్బాయి, మా అత్తగారు. వైట్‌హార్స్‌కే దాదాపు 2,000 కిలోమీటర్లు, అది దాటి క్లువానీ సరస్సు. మూడు వారాలు పెట్టుకున్నాం కాబట్టి తొందర లేదు, నచ్చినచోట ఆగిపోవడమే. పెట్రోల్ బంకు కనిపిస్తే మాత్రం సగం ట్యాంకు ఉన్నా నింపుకోండి, తర్వాతది ఎంత దూరంలో ఉంటుందో, తెరిచి ఉంటుందో లేదో అన్న టెన్షన్ తగ్గుతుంది.

ఫోర్ట్ నెల్సన్ దాటాక చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ లేదు. మొదటి రోజు పిల్లలు బాగా గొడవ చేశారు, రెండో రోజు నుంచి కిటికీలకు అతుక్కుపోయారు. లియార్డ్ వేడినీటి గుండాల్లో మునిగి, వాట్సన్ లేక్ వైపు వెళ్తుంటే బైసన్‌ల మంద దూడలతో సహా రోడ్డు మీదే నిలబడింది. అరగంట కదల్లేదు. అత్తయ్య చూసి "అడవిదున్నల్లా ఉన్నాయే" అన్నారు. దున్నంటే ఆవేనా అని అడిగాడు మా వాడు. ఆవు, ఎద్దు, గేదె, దున్న, దూడ, పెయ్య, వేటికవే ఆవిడ ఓపిగ్గా చెప్పుకొచ్చారు. నేను ఈ పిల్లలకు ఏడేళ్ళలో, పదకొండేళ్ళలో "ఆవు" ఒక్కటే ఇచ్చానని అప్పుడు గుర్తొచ్చి గొంతు పట్టేసింది.

అక్కడ జూన్‌లో పొద్దు గుంకేది రాత్రి పదకొండు దాటాకే, ఆ తర్వాతా పూర్తిగా చీకటి పడదు. ఇంక "పడుకో" అని ఏ ముఖంతో చెప్పను? యూకాన్ ప్రభుత్వ క్యాంప్‌గ్రౌండ్లలో కట్టెలు ఉచితం, మంట వేసుకుని కూర్చునేవాళ్ళం. నాన్నమ్మ కథ చెప్తుంటే పిల్లలు మధ్యలో ఆపి ప్రశ్నలడిగేవారు, మొదట ఇంగ్లీషులో, ఆవిడకు అర్థం కాకపోతే తడుముకుంటూ తెలుగులో. నేను కలగజేసుకుని అనువదించడం మానేశాను. ఇది నాకు చాలా కష్టమైంది, నిజంగా.

క్లువానీ దగ్గర ఒక ఉదయం అత్తయ్య అన్నం వండి, అలవాటు ప్రకారం మొదటి ముద్ద కాకికి పెడదామని బయటికి తెచ్చారు. అక్కడి కాకులు రావెన్లు, యూకాన్ అధికార పక్షి కూడా అదే, మన కాకికంటే బాగా పెద్దది. ఒకటి ఎదురుగా చెట్టు మీదే ఉంది. మా అమ్మాయి పరుగెత్తుకొచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"నాన్నమ్మా, పెట్టకూడదు. ఎలుగుబంటికి వాసన వస్తుంది. అది వచ్చి తింటే, మళ్ళీ మళ్ళీ వస్తుంది, మనుషులంటే భయం పోతుంది. అప్పుడు వాళ్ళు దాన్ని చంపేస్తారు. అందుకని."

క్యాంపు బోర్డు మీద ఇంగ్లీషులో చదివిన విషయాన్ని, మధ్యలో ఆగి మాటలు వెతుక్కుని, "అందుకని" దాకా తనే లాక్కొచ్చింది. దాని నోట ఇంత కారణం తెలుగులో వినడం నాకు అదే మొదటిసారి. అత్తయ్య ఒక్క క్షణం ముద్ద వైపు, కాకి వైపు చూశారు. "అయ్యో, మన అన్నం దాని ప్రాణానికొస్తుందా? వద్దులేవే తల్లీ" అని ముద్ద తిరిగి గిన్నెలో వేసుకుని, ఆ పక్షికి దణ్ణం పెట్టి లోపలికొచ్చేశారు.

తిరుగు ప్రయాణంలో మంచో లేక్ ఒడ్డున బండి ఆపాం. దిగీ దిగగానే మా చిన్నాడు పైకి చూసి అరిచాడు, "నాన్నమ్మా, నీ కాకి మనతో వచ్చేసింది!"