మతం చేసిన పని బడికి అప్పజెప్తే

సోషియాలజీ చదవడం మొదలుపెట్టిన కొత్తలో నాకో విషయం అస్సలు ఎక్కలేదు, మతం మీద సోషియాలజిస్టులు ఇన్నిన్ని పుస్తకాలు రాశారు కదా, మరి దేవుడున్నాడో లేడో ఎవరూ తేల్చరేంటి అని. వాళ్ళ ప్రశ్నే అది కాదని తర్వాతెప్పుడో అర్థమైంది. పదిమంది ఒకచోట చేరి ఒకే మాట కలిసి అంటే ఆ మనుషులకి ఏమవుతుంది? వాళ్ళకి కావాల్సింది అది.

సోషియాలజీకి పునాదులేసినవాళ్ళలో ఒకడైన ఎమిల్ డర్క్‌హైమ్ చెప్పింది నాకు బాగా నచ్చింది. ఆయన ఫ్రాన్స్‌లో ఒక యూదు మతగురువు కొడుకు, తను మాత్రం ఆ దారిలో వెళ్ళలేదు. 1912లో ఆస్ట్రేలియా ఆదివాసుల ఆచారాల గురించి రాస్తూ, గుంపులో మనిషికొచ్చే ఆ పూనకంలాంటి ఊపు భ్రమేం కాదు, నిజమైన శక్తే, కాకపోతే అది వచ్చేది సమాజం నుంచి అంటాడు. నలుగురితో కలిసి ప్రార్థనలో నిలబడినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు, పాట సరిగ్గా రాకపోయినా పక్కవాళ్ళ గొంతు పట్టుకుని మన గొంతు లేస్తుంది, ఎందుకో తెలీకుండానే కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, అదే పాట ఒంటరిగా పాడుకుంటే అలా ఉండదు.

1880ల్లో ఫ్రాన్స్ ప్రభుత్వ బడుల్లోంచి మతబోధ తీసేసింది. మరి పిల్లలకి మంచీచెడూ ఎవరు నేర్పాలి? బడే నేర్పాలి అన్నాడు డర్క్‌హైమ్. టీచర్లు కాబోయేవాళ్ళకి ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పాడు. ఆయన లెక్కలో క్లాస్‌రూమ్ అంటే ఒక చిన్న సమాజం, నేను అనే పిల్లాడు మనం అనడం నేర్చుకునేది అక్కడే.

ఇదంతా బాగానే ఉంది కానీ ఆ 'మనం'లో అందరూ సమానమేనా అని అడిగినవాడు తర్వాతి తరం ఫ్రెంచ్ సోషియాలజిస్టు పియర్ బోర్దియూ, ఆయన పల్లెటూళ్ళో పోస్టాఫీసు ఉద్యోగి కొడుకు. టీచర్ ప్రశ్న అడగ్గానే ఒక పిల్ల చెయ్యెత్తేస్తుంది, ఆ మాటలు ఇంట్లో రోజూ వినేవే. వెనక బెంచీ పిల్లాడికీ జవాబు తెలుసు, తప్పు మాట్లాడతానేమో అని వాక్యం నోట్లోనే రెండుసార్లు తిప్పుకుంటాడు, ఈలోగా టీచర్ తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోతారు. ఆ పిల్ల తెలివైనది అని రాసేస్తాం. ఇంటి నుంచి వచ్చిన ఈ మాటతీరుని, అలవాట్లని బోర్దియూ సాంస్కృతిక పెట్టుబడి అన్నాడు. బడి ఆ పెట్టుబడిని టాలెంట్ అని పేరు మార్చి సర్టిఫికెట్ ఇస్తుందన్నది ఆయన వాదన, నేను ఇది పూర్తిగా నమ్ముతాను.

జర్మన్ సోషియాలజిస్టు మాక్స్ వెబర్ మతం గురించి ఒక మాటన్నాడు, బాగా బతికేవాడికి అలా బతకడం ఒక్కటే చాలదు, అది తనకి న్యాయంగానే దక్కిందన్న నమ్మకం కూడా కావాలి, మతం ఆ నమ్మకాన్నిచ్చింది అని. ఇవాళ ఆ పని మార్కుల లిస్టు చేస్తోందని నాకనిపిస్తుంది. పైగా ఓడిపోయినవాడికి మతం దగ్గర ఏదో ఒక ఓదార్పైనా దొరికేది. లిస్టు దగ్గర అదీ లేదు, నీ బుర్ర ఇంతే అంటుంది, వెనక బెంచీ పిల్లాడు అది నమ్మేసి, ఆ కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకుని ఇంటికెళ్తాడు.