సీసీఎన్‌ఏకి ఫ్లాష్ కార్డులు చేత్తో రాసుకునేవాళ్లకి

సీసీఎన్‌ఏ (సిస్కో కంపెనీ నెట్‌వర్కింగ్ సర్టిఫికేషన్) పరీక్ష 200-301కి ఇచ్చేది 120 నిమిషాలు. ఒకసారి నెక్స్ట్ నొక్కాక వెనక్కి వచ్చి ఆన్సర్ మార్చుకునే వీల్లేదు. పోర్ట్ నంబర్లు, టైమర్లు, అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్‌లు (రూట్ ఎక్కడినుంచి తెలిసిందో దాన్ని బట్టి ఇచ్చే నమ్మకం నంబర్లు, తక్కువ ఉన్నదే మేలు) ఠక్కున నోటికి వస్తేనే ల్యాబ్ ప్రశ్నలకి టైమ్ మిగులుతుంది. కార్డుల పని అదే. సిలబస్ మొత్తం వాటి మీదకి ఎక్కించకండి.

ముందు పేపర్ సంగతి. మామూలు జిరాక్స్ పేపర్ (70-80 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకి గ్రాములు) వద్దు. వెనక రాసిన ఆన్సర్ ముందుకి లీలగా కనిపిస్తుంది, తెలియకుండానే కన్ను దాన్ని పట్టేస్తుంది, వచ్చేసిందని మీరు అనుకుంటారు. 200 జీఎస్‌ఎం ఏ4 షీట్ తీసుకుని మూడుసార్లు సగానికి మడిచి కోస్తే 8 కార్డులు వస్తాయి. బాల్‌పెన్‌తోనే రాయండి, స్కెచ్ పెన్ ఇంకు అవతలికి దిగుతుంది. ప్రశ్న మీవైపు ఉండేలా పట్టుకుని ప్రతి కార్డుకీ కుడి పైమూల కొంచెం కత్తిరించండి. కట్టలో ఏదైనా తిరగబడితే వెంటనే తెలుస్తుంది.

ఒక కార్డుకి ఒకటే ప్రశ్న, ఒకటే ఆన్సర్. ఈథర్‌చానల్ అంటే కొన్ని లింకుల్ని కలిపి ఒకటిగా వాడటం. "ఈథర్‌చానల్ మోడ్‌లు ఏవి?" అని రాస్తే ఐదు చెప్పాలి. మూడు గుర్తొస్తే ఆ కార్డు వచ్చినట్టా, రానట్టా? దాన్ని విడగొట్టండి. "ఇటు ప్యాసివ్, అటు ప్యాసివ్: చానల్ ఏర్పడుతుందా?" ఏర్పడదు, మొదలుపెట్టేవాళ్లు ఎవరూ లేరు. "ఇటు యాక్టివ్, అటు డిజైరబుల్?" ఏర్పడదు, ఒకటి ఎల్‌ఏసీపీ, ఇంకొకటి పీఏజీపీ, రెండూ చానల్ కట్టే వేర్వేరు ప్రోటోకాల్స్. ఆన్సర్ పక్కన కారణం కూడా అరలైన్లో రాయండి.

నంబర్లు మాత్రమే రాసుకునేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది రూటింగ్‌లో. అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్‌లు స్టాటిక్ (చేత్తో ఇచ్చిన రూట్) 1, రూటింగ్ ప్రోటోకాల్స్‌లో ఈఐజీఆర్‌పీ 90, ఓఎస్‌పీఎఫ్ 110, ఆర్‌ఐపీ 120 అని గడగడా చెప్తారు. కానీ 10.1.0.0/16కి స్టాటిక్ రూట్, 10.1.1.0/24కి ఓఎస్‌పీఎఫ్ రూట్ ఉన్నప్పుడు 10.1.1.5కి వెళ్లే ప్యాకెట్ ఏ దారి పడుతుందంటే "స్టాటిక్" అనేస్తారు. తప్పు. పొడవైన ప్రిఫిక్స్‌దే (/ తర్వాత పెద్ద నంబర్ ఉన్నదే) గెలుపు, కాబట్టి /24. ప్రిఫిక్స్ ఒకటే అయినప్పుడే అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ లెక్కలోకి వస్తుంది. రూటింగ్ వచ్చే ఐపీ కనెక్టివిటీ భాగానికి పరీక్షలో 25 శాతం వెయిటేజీ ఉంది. ఇలాంటి పరిస్థితుల కార్డులు అక్కడ ఎన్ని రాసినా ఎక్కువ కాదు. సిస్‌లాగ్ (పరికరాలు పంపే సందేశాలు, తీవ్రతని బట్టి లెవెల్ నంబర్లు) కూడా ఇంతే: "4 అంటే?" వార్నింగ్. దానితో ఆగకండి. "లాగింగ్ ట్రాప్ 4 ఇస్తే సర్వర్‌కి ఏ లెవెల్స్ వెళ్తాయి?" అని ఇంకో కార్డు రాయండి. 0 నుంచి 4 దాకా అన్నీ వెళ్తాయి.

సబ్‌నెట్టింగ్‌కి (నెట్‌వర్క్‌ని చిన్న ముక్కలుగా విడగొట్టే లెక్కకి) మామూలు కార్డు పనికిరాదు. నాలుగోసారి చూసేసరికి లెక్క కాకుండా ఆన్సరే గుర్తుండిపోతుంది. దానికి రెండు కట్టలు చేయండి. ఒకదాంట్లో /25 నుంచి /30 దాకా ఆరు కార్డులు, రెండోదాంట్లో ఇరవై అడ్రస్‌లు. వెనక ఏమీ రాయొద్దు. కలిపి ఒక్కోదాంట్లోంచి ఒకటి తీయండి: 192.168.10.77, /27. బ్లాక్ సైజ్ 32, నెట్‌వర్క్ 64, బ్రాడ్‌కాస్ట్ 95, హోస్ట్‌లు 65 నుంచి 94. అదే అడ్రస్‌కి /28 వస్తే నెట్‌వర్క్ 64, బ్రాడ్‌కాస్ట్ 79. ఇరవై ఆరు కార్డులతో 120 లెక్కలు.

తిప్పే పద్ధతికి 1970లలో జర్మన్ జర్నలిస్టు సెబాస్టియన్ లైట్నర్ చెప్పిన డబ్బాల విధానం సరిపోతుంది. మూడు డబ్బాలు చాలు: మొదటిది రోజూ, రెండోది మూడు రోజులకోసారి, మూడోది వారానికోసారి. ఆన్సర్ కరెక్టయితే కార్డు తర్వాతి డబ్బాకి, తప్పయితే ఏ డబ్బాలో ఉన్నా మొదటిదానికి. రోజుకి కొత్తవి పది, పన్నెండు మించొద్దు. ముప్ఫై రాస్తే వారం తిరిగేసరికి రివిజన్‌కే సాయంత్రమంతా పోతుంది, ల్యాబ్ ఆగిపోతుంది. ప్రతిసారీ కార్డులు కలపండి, లేకపోతే ముందు కార్డే తర్వాతిదానికి హింట్ అవుతుంది. తిప్పేముందు ఆన్సర్ పైకి చెప్పండి లేదా రఫ్ పేపర్ మీద రాయండి. తిప్పి చూసి "ఆ, ఇది తెలుసు" అనుకునే కార్డులు మొదటి డబ్బాలోనే ఉండాలి.

మాక్ టెస్టులో తప్పుపోయిన ప్రతిదాన్నీ అదే రోజు కార్డు చేయండి. ఈ కార్డులు ఎవరో తయారుచేసిన పీడీఎఫ్ కట్టలకన్నా ఎంతో విలువైనవి.

ఒకే కార్డు నాలుగైదుసార్లు మొదటి డబ్బాకి తిరిగొస్తుంటే ఇంకా బట్టీ పట్టకండి. కాన్సెప్ట్ ఎక్కలేదని అర్థం. ఓఎస్‌పీఎఫ్ టైమర్ల కార్డు (ఈథర్నెట్ మీద హలో 10, డెడ్ 40 సెకన్లు) అలా ఆగిపోతే ప్యాకెట్ ట్రేసర్‌లో (సిస్కో నెట్‌వర్క్ సిమ్యులేటర్) రెండు రౌటర్లు కలిపి, ఒకవైపు మాత్రం హలో ఇంటర్వెల్ 5 చేసి, షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ నెయిబర్ కొడుతూ నెయిబర్ ఎలా పోతుందో చూడండి. తర్వాత ఆ కార్డు చింపేసి మీ మాటల్లో కొత్తది రాసుకోండి.