అటక మీది స్కానర్‌కి ఫర్మ్‌వేర్ ఎక్కించిన కథ

మా నాన్నగారు రాసుకున్న నోట్‌బుక్కులు మూడున్నాయి, బౌండు పుస్తకాలు, అన్నీ ఇంకు పెన్నుతో రాసినవే. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించాలని ఎప్పట్నించో అనుకుంటున్నా. ఫోన్‌తో ఫోటోలు తీసి చూశా, పేజీ వంకరొస్తుంది, నా చెయ్యి నీడే పడుతుంది, కుట్టు దగ్గర అక్షరాలు ముడుచుకుపోతాయి, ఓ ఇరవై పేజీలయ్యాక విసుగొచ్చి వదిలేశా. అప్పుడు గుర్తొచ్చింది అటక మీద పాత ఫ్లాట్‌బెడ్ స్కానర్ ఒకటుందని. దింపి దుమ్ము తుడుస్తుంటే అక్క చూసి "ఒరేయ్, ఇంకా దీన్ని పట్టుకుని వేలాడతావేంట్రా, పడేసి కొత్తది కొనుక్కో" అంది. "ఒక్క రోజు ఆగక్కా" అన్నా. ఒక్క రోజు కాస్తా మూడు రోజులైంది, అది వేరే విషయం.

కొత్తది ఎందుకొద్దన్నానంటే దానికో కారణముంది. ఇప్పుడొచ్చే పల్చటి స్కానర్లు చాలావరకు సీఐఎస్ సెన్సర్‌వి, కాగితం గాజుకి అంటుకుని ఉంటేనే క్లియర్‌గా వస్తుంది, కొంచెం లేచిందంటే మసకే. పాత లావుపాటి డబ్బాల్లో సీసీడీ అనే ఇంకో రకం సెన్సర్ ఉంటుంది, లోపల అద్దాలూ లెన్సూ ఉంటాయి కాబట్టి కాగితం కాస్త పైకి లేచినా ఫోకస్ పోదు. కుట్టు పుస్తకం ఎంత నొక్కినా మధ్యలో కొంచెం లేస్తుంది కదా, అక్కడే తేడా తెలిసిపోతుంది. నోట్‌బుక్కులకి నా ఓటు లావు డబ్బాకే.

సరే, ల్యాప్‌టాప్‌లో విండోస్ ఉంది కదా అని ముందు దానికే తగిలించా. టింగ్ మని శబ్దమొచ్చింది గానీ డివైస్ మేనేజర్‌లో పసుపు త్రికోణం, అంటే డ్రైవర్ (స్కానర్‌తో మాట్లాడటానికి విండోస్‌కి కావాల్సిన ప్రోగ్రామ్) లేదని. కంపెనీ సైట్‌లో (పేరెందుకులెండి) ఆఖరి డ్రైవర్ ఎక్స్‌పీ కాలం నాటిది, 32 బిట్ (పాత రకం, ఇప్పటి విండోస్ 64 బిట్). ఇక్కడ చాలామంది రెండు వేర్వేరు విషయాల్ని కలిపేసి కంగారు పడతారు. స్కానర్‌తో నేరుగా మాట్లాడే కెర్నల్ డ్రైవర్ ఒకటి, అది 64 బిట్ విండోస్‌లో ఖచ్చితంగా 64 బిట్‌దే కావాలి, దానికి అడ్డదారి లేదు, పైగా విస్టా నుంచి మామూలుగా డిజిటల్ సంతకం కూడా ఉండాలి. దాని మీద కూర్చునేది ట్వైన్, ప్రోగ్రామ్‌లు స్కానర్‌ని పిలవడానికి 1992 నుంచీ ఉన్న పద్ధతి, అది 32 బిట్‌దైనా పర్లేదు, కాకపోతే దాన్ని పిలిచే ప్రోగ్రామ్ కూడా 32 బిట్‌ది కావాలి. అంటే 64 బిట్ ఫోటో ఎడిటర్‌లో "స్కానర్ ఏదీ లేదు" అని వచ్చి, పాత 32 బిట్ ప్రోగ్రామ్‌లో అదే స్కానర్ హాయిగా కనపడితే చెడిపోయింది స్కానర్ కాదు. న్యాప్స్2 అనే ఫ్రీ ప్రోగ్రామ్ ఈ గొడవని వెనకాల ఒక 32 బిట్ పనివాణ్ణి పెట్టుకుని సర్దేస్తుంది. వ్యూస్కాన్ అని ఇంకోటుంది, డబ్బులు కట్టాలి, అది చాలా పాత స్కానర్లకి సొంత డ్రైవర్లు పెట్టుకుని వస్తుంది. నా కేసులో అసలు కెర్నల్ డ్రైవరే లేదు కాబట్టి విండోస్ సంగతి అక్కడితో వదిలేసి లైనక్స్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్‌లోకి వెళ్ళిపోయా.

లైనక్స్‌లో స్కానర్లన్నిటికీ పెద్ద దిక్కు సేన్, పూర్తి పేరు స్కానర్ యాక్సెస్ నౌ ఈజీ. ఈజీ అన్న మాట దగ్గర కొంచెం నవ్వొస్తుంది గానీ కట్టిన తీరు మాత్రం చక్కగా ఉంటుంది. మనం చూసే బటన్లూ ప్రివ్యూ విండో ఒక పక్క, ఒక్కో రకం చిప్‌తో మాట్లాడే బ్యాకెండ్లు ఇంకో పక్క. కెనాన్ లైడ్ 110, 210, 220 లాంటివైతే జెనెసిస్ బ్యాకెండ్, అదే లైడ్ 20, 25, 30 అయితే ప్లస్‌టెక్ బ్యాకెండ్, లైడ్ 300, 400 వచ్చేసరికి పిక్స్‌మా. చూశారుగా, డబ్బా మీది పేరు ఒకటే, నంబర్ మారితే బ్యాకెండ్ మారిపోతుంది, అందుకే పేరు చూసి గూగుల్ చెయ్యకుండా యూఎస్‌బీ నంబర్ చూసి వెతకాలి. టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండో) ఎల్ఎస్‌యూఎస్‌బీ అని కొడితే ప్రతి వస్తువుకీ రెండు నంబర్లు వస్తాయి, మొదటిది కంపెనీది (కెనాన్ అయితే 04ఏ9, ఎప్సన్ అయితే 04బి8, హెచ్‌పీ అయితే 03ఎఫ్0), రెండోది మోడల్‌ది. సేన్ వాళ్ళ లిస్టులో ఆ రెండు నంబర్లూ ఉన్న వరస పట్టుకుంటే బ్యాకెండ్ పేరూ, అది ఎంతవరకు పనిచేస్తుందో కూడా అక్కడే తెలుస్తుంది. నాది స్నాప్‌స్కాన్ అని తేలింది.

తర్వాత స్కాన్‌ఇమేజ్ -ఎల్ కొట్టా, సేన్‌కి కనపడే స్కానర్ల లిస్టు ఇచ్చే కమాండ్ అది. పెద్ద ఎల్ అండీ, చిన్న ఎల్ అయితే ఎడమ మార్జిన్ అని అర్థం, నేను మొదట అదే కొట్టి ఐదు నిమిషాలు తిట్టుకున్నా. ఒక డివైస్ దొరికింది అని వచ్చింది. ఎగిరి గంతేసి చూస్తే అది నా ల్యాప్‌టాప్ వెబ్‌క్యామ్! సేన్‌లో వీ4ఎల్ అనే బ్యాకెండ్ ఉంటుంది, అది కెమెరాని కూడా స్కానర్ లెక్కలో వేసేస్తుంది. ఈటీసీ కింద సేన్.డి ఫోల్డర్‌లో డీఎల్ఎల్.కాన్ఫ్ అనే ఫైలుంది, బ్యాకెండ్ల పేర్లన్నీ వరసకొకటి ఉంటాయి, అక్కర్లేని వాటి ముందు హాష్ గుర్తు పెడితే ఆ బ్యాకెండ్ జోలికి పోదు. వీ4ఎల్‌కి హాష్ పెట్టా. ఆ పనిలో పనిగా నాకు సంబంధం లేనివి ఇంకో డజను మూసేశా, వెతకడం కూడా తొందరగా అవుతోంది.

ఇప్పుడు లిస్టు ఖాళీ. ముందు సుడో (అడ్మిన్ హక్కులతో నడిపించే మాట) పెట్టి అదే కమాండ్ కొట్టి చూడండి, ఎవరికైనా ఇదే చెప్తా. సుడోతో కనపడి మామూలుగా కనపడకపోతే అది డ్రైవర్ సమస్య కాదు, పర్మిషన్ సమస్య, ఇంక డ్రైవర్ కోసం రాత్రంతా వెతకొద్దు. నాకు సుడోతో కనపడింది. చాలా డిస్ట్రోల్లో (లైనక్స్ రకాల్లో) సేన్‌తో పాటే యూడెవ్ రూల్స్ (తగిలించిన వస్తువుని ఎవరు వాడొచ్చో చెప్పేవి) వస్తాయి, లిస్టులో ఉన్న నంబర్లకి అవే పర్మిషన్ ఇచ్చేస్తాయి. నా మోడల్ నంబర్ అందులో ఎందుకో లేదు, ఒక్క లైను రూల్ రాసుకోవాల్సి వచ్చింది, కంపెనీ నంబరూ మోడల్ నంబరూ ఇచ్చి గ్రూప్ స్కానర్, మోడ్ 0664 (ఆ గ్రూప్ వాళ్ళు కూడా వాడొచ్చు) అని. నన్ను నేను ఆ స్కానర్ గ్రూప్‌లో చేర్చుకున్నా. చేర్చుకున్నాక లాగౌట్ అయి మళ్ళీ లాగిన్ అవ్వాలి, యూఎస్‌బీ కూడా తీసి పెట్టాలి, ఈ రెండూ చెయ్యకుండా "రూల్ రాశా, పనిచెయ్యట్లేదు" అనుకున్న బ్యాచ్‌లో నేనూ ఉన్నా.

రెండో రోజుకి సుడో లేకుండానే లిస్టులో వచ్చింది. స్నాప్‌స్కాన్, లిబ్‌యూఎస్‌బీ, 001, 004. (ఆ చివరి నంబర్ వైరు తీసి పెట్టిన ప్రతిసారీ మారుతుంది, స్క్రిప్ట్‌లో రాసి పెట్టుకోకండి.) హమ్మయ్య అని స్కాన్ కొడితే ఓపెన్ చెయ్యడం కుదరలేదు, "ఇన్‌వ్యాలిడ్ ఆర్గ్యుమెంట్" అంటోంది. నేను కమాండ్‌లో ఏదో తప్పు రాశానేమో అని ఒక్కో ఆప్షన్ తీసేసుకుంటూ పోయా, ఏమీ లేకుండా కొట్టినా అదే మాట. అప్పుడు సేన్_డీబగ్_స్నాప్‌స్కాన్ అనే వేరియబుల్‌కి 255 ఇచ్చి (బ్యాకెండ్ ఏం చేస్తోందో అంతా బయటికి చెప్పమని) మళ్ళీ నడిపా. ఏ బ్యాకెండ్‌కైనా ఇలా పేరు మార్చి వాడుకోవచ్చు, పేజీలకి పేజీలు వాగుతుంది, ఆ వాగుడులో ఒక లైను దగ్గర కన్ను ఆగింది, ఫర్మ్‌వేర్ ఫైల్ తెరవలేకపోయా అని.

సంగతేంటంటే ఈ రకం స్కానర్ల లోపల వాటిని నడిపే ప్రోగ్రామ్, అంటే ఫర్మ్‌వేర్, శాశ్వతంగా ఉండదు. స్విచ్ వేసిన ప్రతిసారీ బుర్ర ఖాళీ, కంప్యూటర్ యూఎస్‌బీ మీదుగా చిన్న బిన్ ఫైల్ ఒకటి పంపిస్తే అది మెమరీలోకి ఎక్కించుకుని అప్పుడు స్కానర్‌గా మారుతుంది. విండోస్ డ్రైవర్ ఇన్నాళ్ళూ ఆ పని మనకి చెప్పకుండా చేసిపెట్టేది. ఆ ఫైల్ కంపెనీ సొత్తు కాబట్టి సేన్ వాళ్ళు తమతో ఇవ్వలేరు, మనమే తెచ్చి పెట్టుకోవాలి. నేను స్నాప్‌స్కాన్.కాన్ఫ్ (ఆ బ్యాకెండ్ సెట్టింగుల ఫైలు) తెరిచి చూస్తే మొదట్లోనే ఫర్మ్‌వేర్ అనే లైను, దాని చివర "యువర్-ఫర్మ్‌వేర్‌ఫైల్.బిన్" అని ఉంది. మీ ఫైల్ పేరు ఇక్కడ రాసుకోండి అని వాళ్ళు పెట్టిన ఖాళీ గడి అది, నేను ముట్టుకోనేలేదు. సేన్ పాపం ఆ పేరుతో ఫైలుందేమో అని వెతుక్కుంటోంది.

మరి ఆ బిన్ ఎక్కడ దొరుకుతుంది? పాత విండోస్ కంప్యూటర్ ఉంటే విండోస్ ఫోల్డర్‌లో ట్వైన్_32 అని ఉంటుంది, ముందు అక్కడ చూడండి. నా దగ్గర డ్రైవర్ సీడీ ఒక్కటే మిగిలింది. సీడీలో క్యాబ్ ఫైళ్ళున్నాయి (చాలా ఫైళ్ళని కుదించి కట్టిన మూటలు), క్యాబ్‌ఎక్స్‌ట్రాక్ట్‌తో తెరుద్దామంటే ఇది క్యాబే కాదంటుంది. క్యాబ్‌లలో రెండు జాతులు, మైక్రోసాఫ్ట్ క్యాబ్ ఒకటి, ఇన్‌స్టాల్‌షీల్డ్ క్యాబ్ ఇంకోటి, చూడ్డానికి ఎక్స్‌టెన్షన్ ఒకటే, లోపల సంబంధమే లేదు. రెండోదానికి అన్‌షీల్డ్ అనే టూల్ కావాలి. దాంతో విప్పితే వందల ఫైళ్ళ మధ్య ఆ బిన్ దొరికింది. పేరులో మొదటి అక్షరం పెద్దది, నేను కాన్ఫ్‌లో అన్నీ చిన్నక్షరాలు రాశా, లైనక్స్‌కి అవి రెండూ వేర్వేరు ఫైళ్ళు, దాని మీద ఇంకో అరగంట. అది సరిచేశాక సుడోతో స్కాన్ వచ్చింది, మామూలుగా రాలేదు! మళ్ళీ యూడెవ్ మీద అనుమానపడ్డా, కాదు, సుడోతో కాపీ చేసిన బిన్ ఫైల్‌ని రూట్ (అడ్మిన్) తప్ప ఎవరూ చదవలేని పర్మిషన్‌తో పెట్టా. అందరూ చదవగలిగేలా 644 ఇచ్చా. ఈసారి దీపం వెలిగింది.

వెలిగింది గానీ లోపల్నుంచి కర్‌ర్‌ర్ మని చప్పుడు, గుండె ఆగినంత పనైంది, టక్కున వైరు పీకేశా. అక్క పక్క గదిలోంచి "పోయిందా?" అని అడిగింది, ఆ గొంతులో కొంచెం ఆనందం కూడా ఉందనుకుంటా. పోలేదు. చాలా ఫ్లాట్‌బెడ్లకి అడుగున చిన్న లాక్ ఉంటుంది, మోసుకెళ్ళేటప్పుడు లోపలి హెడ్ కదలకుండా. అటక మీదకి ఎక్కించేటప్పుడు వేసింది నేనే. తీసేశా. హెడ్ మెల్లగా జరిగి మూల దగ్గర తెల్లపట్టీ చూసుకుని కాలిబ్రేట్ చేసుకుని అప్పుడు బయల్దేరింది.

ఒకవేళ మీకు మొదటి స్కాన్ బాగా వచ్చి రెండోది ఆగిపోతోంది, వైరు పీకి పెడితే మళ్ళీ ఒకటొస్తోంది అంటే యూఎస్‌బీ 3 పోర్ట్‌తో పడట్లేదేమో చూడండి, సేన్_యూఎస్‌బీ_వర్కరౌండ్ అనే వేరియబుల్‌కి 1 ఇస్తే కొన్నిటికి కుదురుకుంటుంది. హబ్ మధ్యలో ఉంటే తీసేయండి, ముఖ్యంగా వేరే అడాప్టర్ లేకుండా యూఎస్‌బీ కరెంటుతోనే నడిచే స్కానర్లకి.

రిజల్యూషన్ దగ్గర అత్యాశకి పోవద్దు. ఏ4 పేజీ 300 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలు) కలర్‌లో 2480 బై 3508 పిక్సెళ్ళు, కంప్రెస్ చెయ్యకుండా సుమారు 26 ఎంబీ. 600 పెడితే నాలుగింతలు, 104. 1200 పెడితే 400 దాటిపోతుంది, ఇంకు గీతలో కొత్తగా కనపడేదేమీ ఉండదు, కాగితం నార తప్ప. చేతిరాతకి నేను 300 కలర్ పెట్టా, పెన్సిల్‌తో రాసిన పేజీలకి మాత్రం 400. బ్లాక్ అండ్ వైట్ లైన్‌ఆర్ట్ మోడ్ అస్సలొద్దు, వెలిసిపోయిన ఇంకు మొత్తం మాయమైపోతుంది.

పేజీ పేజీకీ మౌస్ పట్టుకోకుండా స్కాన్‌ఇమేజ్‌లో బ్యాచ్ ఆప్షన్ ఉంది, దానికి బ్యాచ్-ప్రాంప్ట్ కూడా జోడిస్తే ప్రతి పేజీకీ ఆగి ఎంటర్ కొట్టమంటుంది, పేజీ తిప్పడం, మూత నొక్కి పట్టుకోవడం, ఎంటర్ కొట్టడం, నంబర్లు వాటంతటవే పడిపోతాయి. మూడో రోజు రాత్రి ఇలా కూర్చుంటే అక్కే వచ్చి మూత నొక్కి పట్టుకుంది. మొదటి పుస్తకంలో నలభయ్యో పేజీ దగ్గర ఆపించి, స్క్రీన్ మీద పెద్దది చేసి చదివింది. నాన్నగారు మార్జిన్‌లో మా ఇద్దరి ఎత్తులు రాసి పెట్టుకున్నారు, తారీఖుల్తో సహా. ఫోన్ ఫోటోల్లో ఆ మార్జిన్ కుట్టులోకి పోయి కనపడనేలేదు.

బిన్ ఫైలూ, కాన్ఫ్ లైనూ, యూడెవ్ రూలూ మూడూ ఒక ఫోల్డర్‌లో దాచా. స్కానర్ అడుగున కాగితం టేపు అతికించి బ్యాకెండ్ పేరూ, ఫైల్ పేరూ, మొదటి అక్షరం పెద్దది అని కూడా రాశా. దాని కింద అక్క ఇంకో లైను రాసింది, "ముందు లాక్ తియ్యరా" అని.