మూఢంలో చదువు, ముహూర్తాల్లో కుట్టుపని

నా చదువుకు రెండు క్యాలెండర్లు ఉన్నాయి. ఒకటి విశ్వవిద్యాలయం వాళ్లు వేసేది, రెండోది పంచాంగం. నేను డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బి.ఏ. చదువుతున్నాను. హనుమకొండలోని మా ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకొని జాకెట్లు కుడతాను. ఎనిమిదో తరగతి చదివే కూతురూ, రెండో తరగతి చదివే కొడుకూ ఉన్నారు. ఆషాఢం వచ్చినా, గురు మూఢమో శుక్ర మూఢమో మొదలైనా పెళ్లి ముహూర్తాలు ఆగిపోతాయి కాబట్టి జాకెట్లకు గిరాకీ తగ్గుతుంది, ఆ రోజుల్లోనే నా పుస్తకం ముందుకు సాగుతుంది. శ్రావణం రాగానే అంతా తారుమారవుతుంది. ఫాల్ వేయమనేవాళ్లు, పీకో చేయమనేవాళ్లు, పట్టుచీర జాకెట్టుకు లైనింగు గుడ్డ చేతిలో పెట్టి శుక్రవారం వ్రతానికల్లా కావాలనేవాళ్లు గుమ్మం ముందు వరుసగా ఉంటారు. పెళ్లీడు పిల్లలున్న ఇళ్లవాళ్లు విసుక్కునే మూఢం కోసం నేను పంచాంగం తిరగేస్తుంటే మా అత్తమ్మ నవ్వుతారు.

ఇల్లు, పిల్లలు, కుట్టుపని, వీటి మధ్య చదువుకు సమయం ఎలా దొరుకుతోందని తెలిసినవాళ్లు అడుగుతుంటారు. పొద్దున నాలుగింటికి లేస్తాననో, రాత్రి పన్నెండు దాకా మేలుకుంటాననో చెబుతానని వాళ్లు అనుకుంటారు. పగలంతా మిషను తొక్కి, సాయంత్రం ఇద్దరు పిల్లల చేత హోంవర్కు చేయించిన మనిషికి రాత్రి పన్నెండింటికి చదివింది తలకెక్కదు. ఎక్కుతుందని చెప్పేవాళ్ల మాట నేను నమ్మను. నాకు అర్థమైనంతలో తల్లి అయిన విద్యార్థికి సమయం అసలే లేకపోవడం కన్నా, ఉన్న సమయమంతా ముక్కలై ఉండడమే పెద్ద చిక్కు. కుక్కర్ మూడో విజిల్ వేసేలోపు కొంత, నల్లా నీళ్లు వచ్చి డ్రమ్ము నిండేలోపు కొంత, ట్యూషన్ నుంచి అమ్మాయి వచ్చేలోపు కొంత దొరుకుతుంది. అవన్నీ కూడితే రోజుకు చెప్పుకోదగిన సమయమే అవుతుంది గానీ, వాటిని కూడడం కుదరదు. అందుచేత ఏ ముక్కలో ఏ చదువు పడుతుందో చూసుకోవడమే నేను నేర్చుకున్న విద్య.

ఈ విషయంలో సార్వత్రిక విశ్వవిద్యాలయం పుస్తకాలు నాకు బాగా అక్కరకొచ్చాయి. ఈ విశ్వవిద్యాలయం 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అన్న పేరుతో మొదలైంది, 1991లో అంబేద్కర్ పేరు పెట్టారు. దేశంలో ఇదే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. దీనికి తొలి ఉపకులపతిగా పనిచేసిన ప్రొఫెసర్ జి. రాంరెడ్డి గారే 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దానికీ తొలి ఉపకులపతి అయ్యారు. బడి ముఖం చూడనివాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు ఇక్కడ చాలాకాలం ఉండేది. పనిచేసుకుంటూ చదివేవాళ్లను దృష్టిలో పెట్టుకొని రాసిన పుస్తకాలు కాబట్టి పాఠాన్ని చిన్న చిన్న భాగాలుగా విడదీసి, ఆ పాఠం చదివితే ఏమి తెలుస్తుందో మొదట్లోనే చెప్పి, మధ్యమధ్యలో ఎవరికి వారు పరీక్షించుకునే ప్రశ్నలు ఇస్తారు. ఇంటరులో చదివిన పుస్తకాల్లో ఒక అధ్యాయం మధ్యలో ఆగిపోతే మళ్లీ మొదటి నుంచి చదవాల్సి వచ్చేది. వీటిలో ఒక భాగం ముగించి, గ్యాస్ కట్టేసి, తిరిగి వచ్చి రెండో భాగం అందుకోవచ్చు. ఈ అమరికను ఆలోచించినవాళ్ల ఇళ్లలో కూడా ఎవరో వంటగదిలో చదువుకొని ఉంటారని నాకు అనిపిస్తుంది.

అయితే అన్ని సబ్జెక్టులూ ఒకే విధంగా ముక్కల్లో ఇమడవు. ప్రభుత్వ పాలనాశాస్త్రం ఇముడుతుంది. చరిత్ర ఇంకా బాగా ఇముడుతుంది, ఎందుకంటే కూర కలుపుతూ కూడా కాకతీయుల చెరువుల గురించి తలుచుకోవచ్చు, పైగా ఆ చెరువులు మా చుట్టుపక్కలే ఉన్నాయి. అర్థశాస్త్రంలో పటాలు ఉన్న పాఠాలు మాత్రం ససేమిరా కుదరవు; డిమాండు రేఖ ఎటు జరిగిందో చూస్తుండగా ఎవరైనా పిలిస్తే, తిరిగి వచ్చాక ఆ రేఖ నాకు వేరే భాష మాట్లాడుతుంది.

అదే అర్థశాస్త్రంలో ఒక పాఠం మాత్రం మా ఇంట్లో పెద్ద చర్చకే దారితీసింది. జాతీయాదాయాన్ని లెక్కగట్టేటప్పుడు గృహిణి తన ఇంట్లో చేసుకునే పనిని అందులో చేర్చరని ఆ పాఠంలో ఉంది. బ్రిటిష్ ఆర్థికవేత్త పిగూ దీని మీదే ఒక చమత్కారం చేశాడు: ఒక పెద్దమనిషి జీతమిచ్చి పెట్టుకున్న వంటమనిషిని పెళ్లి చేసుకుంటే దేశ ఆదాయం ఆ మేరకు తగ్గిపోతుంది, ఎందుకంటే ఆమె రేపటి నుంచి అదే వంట జీతం లేకుండా చేస్తుంది. చిక్కుడుకాయలు తుంచుతూ నేను ఈ సంగతి చదివి వినిపిస్తే అత్తమ్మ చెయ్యి ఆపి, "నువ్వు కుట్టిన జాకెట్టు లెక్కలకొస్తది గని, నేనొండిన కూర రాదా? మంచిగనే ఉన్నది మీ సదువు" అన్నారు. పిగూ ఒక పేజీలో చెప్పిన దాన్ని ఆమె ఒక్క ముక్కలో తేల్చేశారు. నాకు జాకెట్టు కుట్టే తీరిక ఆమె కూర వండబట్టే దొరుకుతోందన్న మాట కూడా అందులో ఉంది, ఆమె పైకి అనలేదు గానీ.

కేంద్ర ప్రభుత్వ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా కాల వినియోగ సర్వే జరిపింది. ఆరేళ్లు పైబడిన ఆడవాళ్లలో నూటికి 81 మంది రోజూ ఏదో ఒక జీతం లేని ఇంటిపని చేస్తుండగా, మగవాళ్లలో 26 మందే చేస్తున్నారని అందులో తేలింది. అలా చేసే ఆడవాళ్లు సగటున రోజుకు 299 నిమిషాలు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఇంటిపనిలో అసలు చెయ్యి పెట్టని మగవాళ్లు ఆ 97లో లేనే లేరన్నది గమనించాలి. 299 నిమిషాలంటే ఐదు గంటలకు ఒక్క నిమిషం తక్కువ. మా ఇంట్లో ఆ ఐదు గంటలను ఇప్పుడు ఇద్దరు ఆడవాళ్లం పంచుకుంటున్నాం కాబట్టే నేను విద్యార్థిని కాగలిగాను. అత్త ఊళ్లోనో, వేరే కాపురంలోనో ఉండి, ఒంటి చేత్తో ఇల్లు నడుపుతూ చదివేవాళ్లను చూస్తే నాకు ఆశ్చర్యమే తప్ప, వాళ్లకు చెప్పగలిగిన సలహా ఏదీ నా దగ్గర లేదు.

మా ఆయన ఆర్టీసీలో కండక్టరు. నైట్ అవుట్ డ్యూటీ పడితే బస్సు ఏదో పల్లెలో ఆగుతుంది, ఆయన మర్నాడు గానీ ఇంటికి రారు. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం సమ్మక్క సారలమ్మ జాతర వచ్చిందంటే ప్రత్యేక బస్సుల హడావిడిలో ఆ వారమంతా ఆయన ఇంట్లో లేనట్టే లెక్క. 2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక ఆయనకు జీరో టికెట్లు కొట్టే పని పెరిగింది, నాకేమో అధ్యయన కేంద్రానికి వెళ్లిరావడానికి ఛార్జీ తప్పింది. ఒకే పథకం మొగుడికి అలసట, పెళ్లానికి ఆదా అని ఆయన అంటుంటారు. బస్సులో చదువుకోవచ్చు కదా అని అడిగేవాళ్లు ఈ మధ్య బస్సు ఎక్కి ఉండరు. ఒక చేత్తో పైకమ్మీ పట్టుకొని నిలబడిన మనిషి పుస్తకం తెరవలేదు. అయినా ఆయన డ్యూటీ లేని రోజున పిల్లల్ని బడికి తయారుచేయడం, మా అబ్బాయికి ఎక్కాలు అప్పజెప్పించుకోవడం, బజారు పని చూసుకుంటారు. సర్వే ప్రకారం ఆయన ఆ 26 మందిలోనే ఉన్నారు, అది రాయకపోతే అన్యాయమవుతుంది.

చదవడం ముక్కల్లో సాగుతుంది కానీ రాయడం సాగదు, నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది ఇదే. పరీక్షలో మూడు గంటలు ఆగకుండా రాయాలి. ఇంటరు అయ్యాక ఇన్నేళ్లలో నేను రాసినవల్లా జాకెట్ల కొలతలు, కిరాణా చిట్టీలు, పిల్లల డైరీలో సంతకాలు. తెలిసిన జవాబు కూడా రెండు పేజీలు దాటేసరికి వేళ్లు పట్టేసేవి, అక్షరాలు గొలుసుకట్టుగా మారిపోయేవి. ఇంట్లో కూర్చుని రాద్దామంటే గంట గడవకముందే ఎవరో ఒకరు తలుపు తడతారు. కుట్టిచ్చే మనిషి ఇంట్లోనే ఉంటుందని అందరికీ తెలుసు, ఆమె చేతిలో కలం ఉంటే ఖాళీగా ఉన్నట్టే అనుకుంటారు. అందుకని పరీక్షలు దగ్గరపడ్డప్పుడు పిల్లలు బడికి వెళ్లగానే గ్రంథాలయానికి పోయి, పాత ప్రశ్నపత్రం ముందు పెట్టుకొని, గడియారం చూసుకొని రాస్తున్నాను. అక్కడంతా గ్రూప్స్‌కూ, డీఎస్సీకీ చదివే పిల్లలు. టిఫిన్ డబ్బాలు తెచ్చుకొని సాయంత్రం దాకా కదలకుండా కూర్చుంటారు. వాళ్లలో ఒకమ్మాయి నన్ను ఆంటీ అని పిలిచి, ఏ నోటిఫికేషన్‌కు చదువుతున్నారని అడిగింది. డిగ్రీకి అని చెబితే కాసేపు నా ముఖం చూసి, తన దగ్గరున్న అర్థశాస్త్రం నోట్సు నాకిచ్చింది.

ఆదివారాల్లో అధ్యయన కేంద్రంలో జరిగే తరగతులకు వెళ్లడం ఇంకొక రకమైన ఇబ్బంది. మా ఇళ్లలో ఆదివారమంటే మాంసం కూర వండే రోజు, చుట్టాలు వచ్చే రోజు, తలంట్ల రోజు. తరగతిలో నాతోపాటు ఒక అంగన్‌వాడీ టీచరు, ఒక ఆశా కార్యకర్త, పదోన్నతికి డిగ్రీ అక్కరైన ఇద్దరు ముగ్గురు చిరుద్యోగులు కూర్చుంటారు. హాజరు సగమే ఉంటుంది, వచ్చినవాళ్లు మాత్రం గట్టిగా అడిగి చెప్పించుకుంటారు. మాకు పాఠం చెప్పే అయ్యవారు వారమంతా రెగ్యులర్ పిల్లలకు చెప్పి ఆదివారం మాకు చెబుతారు. మీరు అడిగినన్ని ప్రశ్నలు వాళ్లు అడగరమ్మా అన్నారొకసారి.

నా చదువు వల్ల ఇంట్లో తలెత్తిన అసలు సమస్య మా అమ్మాయిది. తల్లి పుస్తకం పట్టుకుంటే చీపురు పెద్ద కూతురి చేతికి పోవడం అడగకుండానే జరిగిపోతుంది. నేను ఒక పాఠం ముగించి లేచేసరికి బోళ్లు తోమి ఉండేవి, తమ్ముడికి అన్నం పెట్టి ఉండేది. ఇంటికొచ్చిన చుట్టాలు "అచ్చం పెద్దమనిషే" అని మెచ్చుకుంటుంటే నాకు భయమేసింది. దానికి ఫార్మేటివ్ పరీక్షలున్నాయి, ప్రాజెక్టు పనులున్నాయి, రాత్రి తొమ్మిదింటికి బడి వాట్సాప్ గ్రూపులో వచ్చే "రేపు చార్టు తేవాలి" అన్న ఆదేశాలున్నాయి. నా డిగ్రీకి కావలసిన గంటలు నా కూతురి ఎనిమిదో తరగతి నుంచి కోసుకోవడం నాకు ఇష్టం లేదు. అలాగని పనంతా నేనే చేస్తే చదువు సాగదు. కాబట్టి చిన్నవాడికి కూడా పని చెప్పాను. వాటర్ బాటిళ్లు నింపడం, ఆరిన బట్టలు మడతపెట్టడం, అన్నం తిన్న కంచం కడిగి బోర్లించడం ఇప్పుడు వాడివి. మొగపిలగానితోని గివేం పనులని అత్తమ్మ కొన్నాళ్లు గునిశారు. వాడు మడతపెట్టిన చొక్కాలకు ఇస్త్రీ మళ్లీ చేయాల్సి వచ్చేది, అయినా నేను వాడి చేతిలోంచి తీసుకోలేదు. ఇప్పుడు అక్కాతమ్ముళ్లు వంతుల మీద కొట్లాడుకుంటారు. ఆ కొట్లాట నాకు సమ్మతమే.

వచ్చే ఏడాది డిగ్రీ చేతికొస్తే బి.ఎడ్.లో చేరడానికి ఎడ్‌సెట్ ప్రవేశ పరీక్ష రాయాలని నా ఆలోచన. అక్కడ ఈ ముక్కల లెక్క చెల్లదు. బి.ఎడ్. ఇప్పుడు రెండేళ్ల కోర్సు. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనల ప్రకారం తరగతులకు నూటికి 80 శాతం, బడిలో చేసే ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలి, ఆ బడి పని రెండేళ్లలో కలిపి 20 వారాలు. అంటే పొద్దున వంట నుంచి సాయంత్రం దాకా ఇల్లు మొత్తం అత్తమ్మ మీద పడుతుంది, మోకాళ్ల నొప్పులు ఆమెకు ఇప్పటికే ఉన్నాయి. పెళ్లిళ్ల కాలంలో కుట్టుపని దాదాపు మానుకోవాలి, ఆ డబ్బు లేకుండా అమ్మాయి తొమ్మిదీ పదీ గడవాలి. మిషను రాత్రిపూట తొక్కొచ్చని నేనంటే, వద్దు, అవసరమైతే తన స్పెషల్ ఆఫ్‌లు సర్దుకుంటానని మా ఆయన అంటున్నారు. బోళ్లకు పనిమనిషిని పెట్టుకుంటే నెలకు ఎంతవుతుందో పక్కింటి వదినను అడిగి ఉంచాను. నోటిఫికేషన్ వచ్చాక కాకుండా ముందే అత్తమ్మతో మాట్లాడాలి, ఎందుకంటే ఆమె ఒప్పుకుంటేనే ఇది జరిగే పని. బతుకమ్మకు మా ఆడబిడ్డ వస్తుంది, ఆమె ముందే ఆ మాట ఎత్తుతాను.