నీలకంఠం రొయ్య గుడ్లు: మూడోసారీ 12వ రోజు గండమే

మూడో తల్లి రొయ్య కూడా గుడ్లు రాల్చేసింది. పొద్దున్న చూస్తే టబ్బు అడుగంతా లేత నారింజ చుక్కలు, పొట్ట కింద పాతిక గుడ్లు కూడా లేవు. 28 డిగ్రీల దగ్గర దాదాపు మూడు వారాలకు పొదగాలి, దానికి ముందు గుడ్లు బూడిద రంగుకు తిరగాలి. నాకు ఆ రంగు చూసే యోగం ఇంకా పట్టలేదు.

లెన్స్ కింద పెడితే చాలావాటిలో కంటి చుక్కలు కనిపించాయి. అంటే గుడ్లు ఫలించాయి, పిండం కొంత పెరిగాకే చచ్చింది. మగ రొయ్య మీద అనుమానం పోయింది, ఇక నీళ్లే.

పొద్దున్న 6కి పీహెచ్ 7.6, మధ్యాహ్నం 3కి 8.7. అమోనియా రెండుసార్లూ 0.5, నైట్రైట్ సున్నా. హార్డ్‌నెస్ (నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎంతో చెప్పేది) 420. బోరు నీళ్లు మరి! టీడీఎస్ మీటరు, అంటే నీళ్లలో కరిగినవన్నీ కలిపి చూపేది, 900 చూపిస్తే ఏం తెలుస్తుంది? అది ఉప్పో కాల్షియమో చెప్పదు. ఉప్పైతే భయం లేదు, ఈ రొయ్య గుడ్లు మోస్తూ ఏటి మొగకే పోతుంది. హార్డ్‌నెస్‌కి చుక్కలు వేసి రంగు చూసే డ్రాప్ కిట్టే నమ్మాలి. ఏపీఐ కంపెనీ అక్వేరియం నీళ్ల మాస్టర్ కిట్ బాగుంటుంది కానీ అందులో హార్డ్‌నెస్ బాటిల్ ఉండదు, విడిగా కొనాలి. స్ట్రిప్‌లు దండగ.

మొదట హార్డ్‌నెస్‌నే తిట్టుకున్నా. కానీ అది మొదటి రోజు నుంచీ ఉన్నదే, 12వ రోజు దాకా ఎందుకు ఆగింది? డాబా మీద టబ్బు గోడలు పది రోజులకు పచ్చబడతాయి. ఎండలో ఆ నాచు కార్బన్ డయాక్సైడ్ లాగేస్తే పీహెచ్ ఎక్కుతుంది. 7.6 దగ్గర మొత్తం అమోనియాలో విషపు రూపం 3 శాతం లోపే, 8.7కి అది పావు వంతు దాటుతుంది. అదే 0.5, పొద్దున్న ఏమీ చేయనిది మధ్యాహ్నానికి తొమ్మిది పది రెట్లు విషం. పైగా నేను ఆల్చిప్ప మాంసం ఎక్కువ వేస్తున్నా. అమ్మ లెక్క వేరు: "రోజూ వలతో ఎత్తి చూస్తుంటే ఏ తల్లి మోస్తుందిరా?" అదీ కొట్టిపారేయలేను.

12 పీపీటీ (లీటరుకు 12 గ్రాముల ఉప్పు) నీళ్లలో ఆర్టీమియా, అదే రొయ్య పిల్లలకు మేతగా వేసే చిట్టి జీవి, మాత్రం బ్రహ్మాండంగా పొదిగింది. తినే పిల్లలే లేవు.

ఈసారి రెండు టబ్బులు. ఒకదాంట్లో అవే బోరు నీళ్లు, పైన నల్ల పట్టా. రెండోది ఎండలోనే, ఆర్వో కలిపి హార్డ్‌నెస్ 100కి దించుతా. ఆర్వోతో ఆల్కలినిటీ (పీహెచ్‌ని ఊగకుండా పట్టి ఉంచే గుణం) కూడా పడిపోయి పీహెచ్ ఇంకా ఊగుతుందేమో, అందుకని దానికి మధ్యాహ్నం కొలత తప్పనిసరి. ఫొటోల కోసం తల్లిని ఎత్తడం బంద్. ఆదివారం తెలిసినవాళ్ల చెరువు పట్టుబడి ఉంది, గుడ్లు ఇంకా ముదురు నారింజలో ఉన్న తల్లులు రెండు తీసిపెట్టమన్నా.