దక్షిణం కిటికీ

శనివారం. పొద్దున్న ఆరింటికే మెలకువ వచ్చేసింది. సియాటిల్‌లో అక్టోబర్ వస్తే వానలు పట్టుకుంటాయి. ఆలోపే పాప గది కిటికీ పని అయిపోవాలని వారమంతా ఒకటే టెన్షన్. ఇక్కడ గాలివాన ఎక్కువగా దక్షిణం నుంచే కొడుతుంది, ఆ కిటికీ ఉన్నదీ అటే. పోయిన చలికాలంలో దాని కింద గోడ పెయింట్ ఉబ్బి, వేలు పెడితే మెత్తగా తగిలింది. అప్పటినుంచి ఆ గదిలోకి ఎప్పుడు వెళ్లినా ముందు చెయ్యి అక్కడికే పోయేది.

పక్క వీధి మిత్రుడు నిచ్చెన తెచ్చాడు. కిటికీ చుట్టూ చెక్కలు, పైన రెండు వరసల సైడింగ్, అంటే గోడ బయట కొట్టే పలకలు, ఊడదీసేసరికి విషయం తెలిసిపోయింది. కిటికీ నెత్తిమీద రేకు, అదే ఫ్లాషింగ్, ఉండటం ఉంది. కానీ దాని వెనకంచు హౌస్‌ర్యాప్ (సైడింగ్ వెనక గోడకు చుట్టే, నీళ్లు దిగని షీటు) లోపలికి పోవాల్సింది, దాని పైన ఆనించి మేకులు కొట్టేశారు. సైడింగ్ దాటిన నీళ్లు ఆ హౌస్‌ర్యాప్ మీదుగా జారి నేరుగా రేకు వెనక్కే దిగుతున్నాయి. దానికి తోడు, రెండేళ్ల కిందట చెమ్మ చూసి రేకుకీ సైడింగ్‌కీ మధ్య ఉన్న సందును నేనే సీలెంట్‌తో పూడ్చేశాను. ఆ సందు నీళ్లు బయటికి పోవడానికి వదిలినదని అప్పుడు తెలియదు. కింది మూలలో ఓఎస్‌బీ, అదే చెక్క పేళ్లు అతికించి చేసే గోడ పలక, టీలో నానిన బిస్కెట్టులా చేతికి ఊడి వచ్చింది. పాప మంచం తల ఆ గోడకే ఉండేది. చాలా బాధేసింది.

లోపలి నిలువు కర్రలను స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశాం. దిగలేదు. అప్పుడు కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

సరిగ్గా ఆ టైంకే నాన్న వీడియో కాల్ చేశారు. అమలాపురంలో రాత్రి పదిన్నర. ఫోన్ గోడవైపు తిప్పి చూపించాను. కాసేపు చూసి, "తాటాకు కప్పినట్టే కదరా, చూరు దగ్గర మొదలెట్టి పైకి పో. పై వరస కింద వరస మీదికి రావాలి" అన్నారు. తాతయ్య ఇల్లు కప్పేటప్పుడు ఆకులు అందించిన మనిషి ఆయన. ఇక్కడి పద్ధతి కూడా సరిగ్గా అదే.

కెనడాలోని వాంకూవర్ చుట్టుపక్కల 1980లు, 90లలో కట్టిన అపార్ట్‌మెంట్లు ఎన్నో ఇలాగే గోడల్లో నీళ్లు చిక్కి కుళ్లిపోయాయి. 1998లో దానిమీద విచారణకు బారెట్ కమిషనే వేశారు. మొన్న రాత్రి అదంతా చదివాకే ఈ పని వాయిదా వేయకూడదనుకున్నాను.

కుళ్లిన చెక్క కోసి కొత్తది బిగించాం. కిటికీ మొత్తం తీసి, కింది గట్టు మీద బయటికి వాలుగా పల్చటి చెక్క పెట్టి, దానిమీద నీళ్లు దిగని బ్యూటైల్ టేపు వేసి, రెండు మూలల్లోనూ ఆరేసి అంగుళాలు పైకి మడిచాం. కిటికీ మళ్లీ కూర్చోబెట్టాక పక్కల టేపు, తర్వాత పైన టేపు, ఆపైన కొత్త రేకు. చివర్లో హౌస్‌ర్యాప్‌ను రేకు మీదికి దించాం. కిటికీ కింది అంచుకు మాత్రం బయట టేపు వేయలేదు. ఎప్పుడైనా లోపలికి నీళ్లొస్తే అటునుంచే బయటికి పోవాలి. టేపును రోలర్‌తో నొక్కీ నొక్కీ నా మణికట్టు ఇప్పటికీ లాగుతోంది.

సాయంత్రం సైడింగ్ కొట్టకముందే గొట్టంతో నీళ్లు పట్టాను. ముందు కింద పది నిమిషాలు, తర్వాత పక్కలు, ఆఖరున పైన. పాప లోపల టార్చి పట్టుకుని గోడకు చెయ్యి ఆనించి నిలబడింది.

"వస్తున్నాయా అమ్మా?" అని బయటినుంచి అడిగాను.

"లేదు నాన్నా, పొడిగానే ఉంది."

నీళ్లు రేకు అంచు దాకా వచ్చి, గోడను తాకకుండా బొట్లుబొట్లుగా కింద పడుతున్నాయి. చీకటి పడేదాకా అక్కడే నిలబడి చూశాను. అదే గోడకు ఇంకో రెండు కిటికీలున్నాయి. వాన లేకపోతే వచ్చే శనివారం వాటి పని.