కుడి ఇండికేటర్

పదకొండున్నర అయింది, నిద్ర రావట్లేదు. కారణం చెప్తే నవ్వుతారు. అయినా రాస్తాను.

పొద్దున గ్రౌండ్‌లో లైసెన్స్ టెస్ట్ కోసం బండి ప్రాక్టీస్ చేస్తుంటే మేనల్లుడు నా వీడియో తీశాడు. తీసి ఊరుకోకుండా ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాడు. నలభై మూడేళ్ల మనిషి హెల్మెట్ పెట్టుకుని, భుజాలు చెవుల దాకా బిగబట్టుకుని, ముగ్గుపిండితో గీసిన ఎనిమిది అంకె మీద గుడిలో ప్రదక్షిణలు చేస్తున్నట్టు బండి తిప్పుతున్నాడు. కాలు కింద పెట్టకుండా రెండుసార్లు పూర్తి చేశాను. రెండుసార్లు! అసలు వార్త అది.

గ్రూప్ నిండా నవ్వుల బొమ్మలు. చిన్నత్తయ్య మాత్రం దండం పెట్టింది, ఎందుకో ఆవిడకే తెలియాలి. "రోడ్డు మీదకొచ్చే రోజు ముందే చెప్పండి బావగారూ, మేం ఇంట్లోనే ఉంటాం" అని బావమరిది. ఇవన్నీ అలవాటే. సాయంత్రం ఆరింటికి నాన్న ఒక్క ముక్క పెట్టారు. "ఇండికేటర్ ఆపలేదు."

వీడియో మళ్లీ చూశాను. నిజమే. మొదటి మలుపులో వేసిన కుడి ఇండికేటర్ చివరిదాకా టిక్కు టిక్కుమంటూనే ఉంది. ఇరవై మంది చూశారు, ఒక్కరికీ కనపడలేదు. ఈయనకి కనపడింది. డెబ్భై నాలుగేళ్లు, అందులోనూ ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయి రెండు నెలలు కూడా కాలేదు.

నా కోపం మీకు అర్థం కావాలంటే 1997 వేసవి సెలవుల సంగతి చెప్పాలి. పాతవాళ్లు విన్నదే, ఇంకోసారి భరించండి. నాన్న హీరో హోండా సీడీ 100 బండి మీద, కాకినాడలో మెక్లారిన్ స్కూల్ గ్రౌండ్‌లో మొదటి పాఠం. నాన్న పక్కనే పరిగెడుతూ "కాలు పెట్టరా, కాలు పెట్టు" అని అరుస్తున్నారు. ఏ కాలో, ఎక్కడో చెప్పరు. బ్రేక్ మీదా? నేల మీదా? నేను క్లచ్ ఒక్కసారిగా వదిలేశాను. బండి గుర్రంలా ఎగిరి కుడివైపు పడింది, కింద నేను, నా పిక్క మీద సైలెన్సర్. నాన్న పరిగెత్తుకొచ్చి బండి లేపారు, స్టాండ్ వేశారు, విరిగిన ఇండికేటర్ ముక్కలు ఏరి జేబులో వేసుకున్నారు. అప్పుడు నా వైపు తిరిగి "ఏమైనా తగిలిందా?" అన్నారు. ఇంటికెళ్తే అమ్మ పిక్కకి టూత్‌పేస్ట్ రాసింది. మచ్చ ఇప్పటికీ రూపాయి బిళ్లంత ఉంది.

అంతే, మళ్లీ బండి ముట్టుకోలేదు. "మా నాన్నకి కొడుకు కంటే ఇండికేటర్ ముఖ్యం" అని పెళ్లిచూపుల్లో కూడా చెప్పి నవ్వించాను. ఆఫీసులో ఎవరైనా తాళం విసిరి "బండి కాస్త పక్కకి తియ్యి గురూ" అన్నప్పుడల్లా వాచ్‌మన్‌ని వెతుక్కుంటూ ఆయన్నే తిట్టుకున్నాను.

ఇందాక పళ్లు తోముకుంటుంటే (పేస్ట్ వాసన వల్లేమో) ఇంకొకటి గుర్తొచ్చింది. మర్నాడు ఆ తాళం రోజూలాగే క్యాలెండర్ మేకుకే వేలాడుతోంది. ఆయన దాచలేదు. ఆ వేసవంతా అక్కడే ఉంది. నేనే అడగలేదు. పక్కింటి కుర్రాడు అడిగి తీసుకెళ్లి నేర్చుకున్నాడు, అదే బండి మీద. ఇది నాకు ఇన్నేళ్లూ తెలుసు, కానీ కథ చెప్పేటప్పుడు ఎప్పుడూ చెప్పలేదు.

అలాగని పిక్క కాలినవాణ్ణి వదిలేసి ప్లాస్టిక్ ముక్కలు ఏరడం ఒప్పయిపోదు లెండి.

చిత్రమేంటంటే, ఆ ఒక్క పాఠం కాలికి గుర్తుంది. సీడీ 100కి గేర్లన్నీ ముందుకి తొక్కడమే. మేనల్లుడి బండికి ఒకటో గేరు కిందకి, మిగతావన్నీ పైకి. రెండో గేరు వేద్దామనుకున్న ప్రతిసారీ నా ఎడమ కాలు కిందకే తొక్కుతుంది, బండి మూలుగుతుంది, వాడు "రిలాక్స్ మావయ్యా" అంటాడు. ఆ మాట వింటే ఉన్న టెన్షన్ రెట్టింపవుతుంది. పద్దెనిమిది నిండి ఏడాది కాలేదు వీడికి!

పైగా మా ఊరు బల్లపరుపు. హాఫ్ క్లచ్ నేర్చుకోవడానికి ఎత్తు అంటూ ఉంటే రైలు పట్టాల మీది ఫ్లైఓవరే. అక్కడ బండి ఆగిపోతే వెనక ఆటోవాళ్లు నా ఎల్ బోర్డు చూసి జాలిపడతారనుకున్నాను. ఇంకాస్త గట్టిగా హారన్ కొట్టారు.

టెస్ట్ స్లాట్ గురువారం పదింటికి. తప్పితే మళ్లీ వారం ఆగాలి. ఎల్ఎల్ఆర్‌కి (లెర్నర్ లైసెన్స్‌కి) ఆరు నెలల గడువు, అయిదో నెల నడుస్తోంది. ఒరిజినల్ ఆధార్ బీరువాలో ఉందంటుంది ఈవిడ, బీరువా తాళం ఎక్కడుందో చెప్పదు. ఎనిమిదిలో కాలు పెట్టకపోతే చాలు అనుకున్నాను, ఇప్పుడు ఇండికేటర్ ఒకటి తగులుకుంది.

నాన్న ఇంకా ఆన్‌లైన్‌లోనే కనిపిస్తున్నారు. "సరే నాన్నా" అని టైప్ చేసి చెరిపేశాను. తర్వాత ఏమనిపించిందో, "అప్పట్లో ఆ ఇండికేటర్‌కి ఎంతయింది?" అని పెట్టాను.

రెండు నిమిషాలు ఏదో టైప్ చేస్తూనే ఉన్నారు. చివరికి వచ్చింది ఇంతే.

"డెబ్భై. మెకానిక్‌కి పది. పడుకో."